డ్రైవరుతో మాట్లాడరాదు

మా చిన్నతనంలో బస్సెక్కితే చదువుకోవడానికి కావలసినంత దొరికేది. "పొగ త్రాగరాదు", "చేతులు బయట పెట్టరాదు", "సరియైన చిల్లర యివ్వవలెను" - ఇలా వరసగా రాసి వుండేవి. వాటన్నిటిలోకీ డ్రైవరు సీటు వెనక రేకు మీద వుండే వాక్యం నాకు బాగా జ్ఞాపకం: "బస్సు నడుచుచుండగా డ్రైవరుతో మాట్లాడరాదు." తెనాలి నుంచి గుంటూరు చేరేలోపల దాన్ని పాతికసార్లయినా చదివేవాణ్ణి. అందులో ఒక విశేషం వుంది, గమనించారా? ఆ ఆంక్ష డ్రైవరుకు కాదు. ఆయన్ను ఎవరూ ఏమీ అనలేదు. అది వెనక కూర్చున్నవాళ్ళకు. వెనక కూర్చున్నవాడికి రోడ్డు కనపడదు గదా! కనపడనివాడు నోరు మూసుకోవాలి, అంతే.

ఆ రేకు ముక్క ఇప్పుడు నాకు మళ్ళీ ఎందుకు జ్ఞాపకం వచ్చిందో చెబుతాను.

మా అమ్మాయి కాపరం హైదరాబాదులో, ఉప్పల్లో. ఉద్యోగం గచ్చిబౌలిలో. ఊరికి ఈ కొసన ఇల్లు, ఆ కొసన ఆఫీసు. పోయిన ఏడు కొత్త కారు కొంది. అందులో స్టీరింగు పక్కన, మా కాలంలో బళ్ళో పిల్లల చేతుల్లో వుండే పలకంత అద్దం వుంది. పాటలు అందులోనే, పటం అందులోనే, టెలిఫోను అందులోనే. జేబులోని ఫోనుకూ ఆ పలకకూ ఏ తీగా లేకుండానే స్నేహం కుదురుతుంది. ఎవరైనా ఫోను చేస్తే పలక మీద పేరు వెలుగుతుంది. స్టీరింగు మీది మీట నొక్కితే, చేసినవాళ్ళ గొంతు కారు నాలుగు మూలల నుంచీ ఖంగున వినిపిస్తుంది. మొదటిసారి విన్నప్పుడు మా ఆవిడ సీటు కిందికి వంగి చూసింది.

"ఫోను చేత్తో ముట్టుకోనక్కరలేదు మామయ్యగారూ! చట్టం కూడా ఒప్పుతుంది" అన్నారు అల్లుడుగారు.

నిజమే. 1988 నాటి మోటారు వాహనాల చట్టాన్ని 2019లో సవరించినప్పుడు, బండి నడుపుతూ ఫోను చేత పట్టుకుని వాడడాన్ని ప్రమాదకరమైన డ్రైవింగులో చేర్చారు. మొదటిసారి పట్టుబడితే 1,000 నుంచి 5,000 రూపాయల దాకా జరిమానా, లేదా 6 నెలల నుంచి ఏడాది దాకా జైలు, లేదా రెండూనూ. దారి చూసుకోవడానికి మాత్రం, అదీ ధ్యాస చెదరకుండా, వాడుకోవచ్చునని 2020లో నిబంధనల్లో రాశారు. కాబట్టి అల్లుడుగారి మాటకు తిరుగులేదు. కాని చట్టం చేతిని చూడగలదు గాని మనసును చూడలేదు. చెయ్యి ఖాళీగా వుందంటే మనసూ ఖాళీగానే వుందని ఎవరు చెప్పారు?

కారులో టెలిఫోను కొత్త సరదా ఏమీ కాదు లెండి. స్వీడన్‌లో టెలిఫోన్లు చేసి పేరు పొందిన ఎరిక్సన్ అనే ఆయన 1910 ప్రాంతంలోనే తన కారులో ఒక టెలిఫోను పెట్టుకున్నాడట. మాట్లాడాలంటే రోడ్డు పక్కన కారు ఆపి, పొడుగాటి గెడలు రెండు పైకెత్తి స్తంభాల మీది తీగలకు తగిలించాలి. ఆ తగిలించే పని ఆయన భార్యదని చెబుతారు. అమెరికాలో సెయింట్ లూయిస్ నగరంలో 1946లో కార్లలో టెలిఫోన్లు పెట్టారు; ఆ సరంజామా బరువు 80 పౌన్లు, అంటే సుమారు 36 కిలోలు. ఇన్నేళ్ళలో బరువు తగ్గి, తగ్గి, చివరకు జేబులోకి వచ్చింది. కాని నాకు ఎరిక్సన్‌గారి యంత్రమే అన్నిటికంటే క్షేమమైనదనిపిస్తుంది. కారు ఆగితే తప్ప అది పలకదు!

మొన్న వేసవిలో పదిహేను రోజులు అమ్మాయి దగ్గర వున్నాను. అవి ఆవకాయ రోజులు కాబట్టి మా ఆవిడ తెనాలిలోనే వుండిపోయింది. ఒకరోజు గచ్చిబౌలిలో ఒక పాత స్నేహితుణ్ణి చూసి, సాయంత్రం అమ్మాయి కారులోనే తిరిగి వస్తున్నాను. దారి పొడుగునా ఆ స్నేహితుడి కబుర్లు చెబుతూనే వున్నాను. ముందు బస్సు ఆగితే నా మాటా ఆగేది. బస్సు కదిలితే మాటా కదిలేది. ఎవరూ చెప్పకుండానే అలా జరుగుతోంది.

సరిగ్గా ఆరు గంటలకు, బేగంపేట ఫ్లైఓవరు దిగుతూ వుండగా, పలక మీద "అమ్మ" అని వెలిగింది. రోజూ ఆ వేళకు తల్లికీ కూతురికీ మాటలు అలవాటు. అమ్మాయి మీట నొక్కింది.

"ఏమే, బయలుదేరావా? ఇదుగో, నీ జాడీలోకి పాత కారమే కలపనా, కొత్త కారం ఆడించనా? మీ అత్తగారు కారం ఎక్కువ తినరంటివి..."

అంతలో ఎడమవైపు నుంచి ఒక మోటారు సైకిలు మాకు ఎదురుగా, రాంగురూటులో వచ్చింది. వెనక సీటు మీద గ్యాసు సిలిండరు. అమ్మాయి గట్టిగా బ్రేకు వేసింది. నా గొంతులో మాట గొంతులోనే వుండిపోయింది. ఇద్దరమూ వూపిరి బిగబట్టి కూర్చున్నాం. కారు నాలుగు మూలల నుంచీ మా ఆవిడ గొంతు మాత్రం ఆగలేదు.

"ఏమే, వింటున్నావా? నిన్నే! పాతదా, కొత్తదా? పలకవేం?"

ఏమీ జరగలేదు. మోటారు సైకిలువాడు పక్కనుంచి జారుకున్నాడు. "వింటున్నానమ్మా, పాతదే కలుపు" అంది అమ్మాయి. స్టీరింగు మీద ఆమె వేళ్ళు మాత్రం తెల్లగా బిగుసుకుని వున్నాయి. పాపం, తెనాలిలో జాడీ ముందు కూర్చున్న మనిషికి బేగంపేటలో సిలిండరు ఎలా కనపడుతుంది? కనపడితే ప్రాణం పోయినా నోరు విప్పేది కాదు.

ఈ తేడాను శాస్త్రజ్ఞులు కూడా పట్టుకున్నారు. 2008లో అమెరికాలోని యూటా విశ్వవిద్యాలయంవారు ఒక పరీక్ష చేశారు. అసలు రోడ్డు మీద కాదు, కారు నడిపినట్టే వుండే యంత్రం మీద. ఫలానా చోట రోడ్డు దిగి ఆగాలని డ్రైవర్లకు ముందే చెప్పారు. కొందరికి పక్క సీట్లో స్నేహితుణ్ణి కూర్చోబెట్టారు, కొందరికి ఫోనులో మాట్లాడించారు. పక్కవాడితో మాట్లాడినవాళ్ళలో ఎక్కువమంది దిగవలసిన చోటనే దిగారు. ఫోనులో మాట్లాడినవాళ్ళలో సుమారు సగం మంది దాటిపోయారు. పక్కవాడికి రోడ్డు కనపడుతుంది. కష్టమైన చోట మాట తగ్గిస్తాడు, "అదుగో మలుపు" అని సాయం కూడా చేస్తాడు. ఫోనులో గొంతుకు ఆ భాగ్యం లేదు.

అంతకు ముందే, 1997లో, కెనడాలోని టొరాంటోలో ప్రమాదాలు జరిగిన 699 మంది డ్రైవర్ల ఫోను బిల్లులు తీసి, ప్రమాదం జరిగిన వేళలతో సరిచూశారు. మాట్లాడే సమయంలో ప్రమాదానికి అవకాశం సుమారు 4 రెట్లని తేలింది. చేత పట్టుకోని ఫోను, పట్టుకున్నదానికంటే క్షేమమని మాత్రం ఆ లెక్కల్లో తేలలేదు. నోటితో చెప్పి యంత్రం చేత పని చేయించుకోవడంలోనూ ఇదే చిక్కు. అలా ఆజ్ఞాపించిన తరవాత మనసు పూర్తిగా రోడ్డు మీదికి తిరిగి రావడానికి ఒక్కొక్కప్పుడు 27 సెకన్ల దాకా పడుతుందని 2015లో అమెరికాలో జరిగిన మరో పరిశోధన చెప్పింది. గంటకు 40 కిలోమీటర్ల నిదానపు నడకలోనైనా ఆ 27 సెకన్లలో బండి 300 మీటర్లు పోతుంది.

ఇక పటం సంగతి. దారి చెప్పే ఆ అమ్మాయి గొంతు మంచిదే. రామంతపూరును ఆవిడ పలికే తీరు వింటే రామంతపూరువాళ్ళు గుర్తుపట్టరు గాని, తప్పు మలుపు తిరిగినా ఒక్కమాట అనదు; మరో దారి వెతికి పెడుతుంది. అంత ఓర్పు నేను మనుషుల్లో చూడలేదు. చిక్కల్లా చూపుతోనే. గంటకు 60 కిలోమీటర్ల వేగంతో పోయేటప్పుడు రెండు సెకన్లు పలక వైపు చూస్తే, ఆ రెండు సెకన్లలో బండి 33 మీటర్లు గుడ్డిగా పోయినట్టే. అందుకే కారులోని యంత్రాల మీదికి ఒక చూపు 2 సెకన్లు మించకూడదని అమెరికా రవాణా శాఖవారు 2013లోనే కార్ల కంపెనీలకు సలహా యిచ్చారు.

పటాన్ని పూర్తిగా నమ్మడానికీ లేదు. అది 20 వేల కిలోమీటర్ల ఎత్తున తిరిగే ఉపగ్రహాల సంకేతాలను బట్టి మనం ఎక్కడ వున్నామో లెక్క కడుతుంది. కనీసం నాలుగు ఉపగ్రహాలు అందాలి. అందినా, మనం ఫ్లైఓవరు పైన వున్నామా, కింద వున్నామా అన్న దగ్గర తరచు తికమకపడుతుంది. నిన్నటి వరద సంగతి దానికి తెలియకపోవచ్చు. 2024 మే నెలలో హైదరాబాదు నుంచి కేరళ చూడబోయిన నలుగురు, కొట్టాయం జిల్లా కురుప్పంతర దగ్గర, రాత్రివేళ వాననీళ్ళు రోడ్డును కప్పేసి వుండగా పటం చూపిన దారినే పోయి, కారుతో సహా వాగులో దిగారు. అదృష్టం బాగుండి నలుగురూ బయటపడ్డారు. అదే ఏడు నవంబరులో ఉత్తరప్రదేశ్‌లో, బరేలీ దగ్గర రామగంగ మీద, ముందుభాగం వరదకు కొట్టుకుపోయిన వంతెన ఎక్కిన కారు కింద పడి ముగ్గురు ప్రాణాలు కోల్పోయారు. పటాన్ని నమ్మి వెళ్ళారని వార్తలు వచ్చాయి. పలక అద్దానికీ ముందు అద్దానికీ తగువు వస్తే, తీర్పు ముందు అద్దానిదే కావాలి.

ఇవన్నీ ఆలోచించి, బేగంపేట సంగతి జరిగిన మర్నాటి నుంచి అమ్మాయి కారులో నేనొక ఉద్యోగం సంపాదించుకున్నాను. జీతం లేదు. లారీల్లో డ్రైవరు పక్కన క్లీనరు కూర్చుంటాడు చూడండి, అదీ నా ఉద్యోగం. పలక నా అధీనం. ఫోను వస్తే నేను చూస్తాను. మలుపు వస్తే ముందుగా చెబుతాను. నేను లేని రోజున ఏం చెయ్యాలో కూడా తండ్రీ కూతుళ్ళం కూర్చుని రాసుకున్నాం. వెళ్ళవలసిన చోటు బండి కదలకముందే పలకలో పెట్టుకోవాలి. పాటలూ అప్పుడే. పటం గొంతు చెవికి వినపడేటట్టు పెట్టుకుంటే కళ్ళకు పని తగ్గుతుంది. దారి మార్చవలసివస్తే ఏ పెట్రోలు బంకులోకో తిప్పి, ఆగి, మార్చుకోవాలి. ఫ్లైఓవరు మలుపులో ఆగరాదు. చాలా ఫోన్లలో "బండి నడుపుతున్నాను, తరవాత చేస్తాను" అని దానంతట అదే జవాబిచ్చే ఏర్పాటు వుంది, దాన్ని పెట్టుకోవాలి.

అన్నిటికీ అమ్మాయి ఒప్పుకుంది. చివరిదాని దగ్గర మాత్రం సందేహించింది.

"అమ్మకు కూడానా నాన్నా? యంత్రం చేత జవాబు చెప్పిస్తే ఎంత నొచ్చుకుంటుంది!"

నొచ్చుకుంది. "కన్నకూతురితో మాట్లాడడానికి మరబొమ్మ అనుమతి కావాలా?" అని రెండురోజులు నాతోనూ సరిగ్గా మాట్లాడలేదు. టొరాంటో లెక్కలు చెప్పాను. "టొరాంటోవాళ్ళకు ఆవకాయ తెలుసా?" అంది. ఇక లెక్కలు మూసేశాను.

దసరాకు ఆవిడా హైదరాబాదు వచ్చింది. పండగ చీరలకని బయలుదేరాం. క్లీనరు ఉద్యోగం ఆ పూట ఆవిడకు వదిలి నేను వెనక కూర్చున్నాను. తార్నాక దగ్గర పలక మీద "పెద్దమ్మ" అని వెలిగింది. మా ఆవిడే ఉత్సాహంగా మీట నొక్కింది. నెల్లూరు నుంచి వాళ్ళ అక్కయ్య గొంతు: "ఏమే, అమ్మ వచ్చిందటగా? ఎన్నాళ్ళుంటుంది? పలకవేం?" సరిగ్గా అప్పుడే ఒక ఆవిడ చంటిపిల్లను చంకనేసుకుని, రోడ్డు మధ్య దిమ్మె దిగి కారుకు అడ్డంగా వచ్చింది. అమ్మాయి బ్రేకు వేసింది. నెల్లూరు గొంతు ఆగలేదు.

"అక్కయ్యా! పిల్ల బండి నడుపుతోంది, పెట్టెయ్యి!" అంది మా ఆవిడ, ఎన్నడూ లేనంత గట్టిగా.

"నేనేమన్నా స్టీరింగు పట్టుకు లాగుతున్నానటే? మాటలేగా!"

"ఆ మాటలే వద్దంటున్నాను!" అని మీట నొక్కేసింది. తరవాత చీరల కొట్టు వచ్చేదాకా ఏమీ మాట్లాడలేదు. నేనూ ఏమీ అనలేదు. అనవలసిన అవసరం కనపడలేదు.

ఇప్పుడు తెనాలిలో మా ఇంట్లో సాయంత్రం ఆరు నుంచి ఏడున్నర దాకా ఫోను బల్ల మీద మౌనంగా పడి వుంటుంది. మా ఆవిడ బియ్యం ఏరుతుంది, గడియారం చూస్తుంది, మళ్ళీ బియ్యం ఏరుతుంది. మాట వినాలని ప్రాణం కొట్టుకుంటూ వుంటే, ఆ మాట కోసమే నోరు కట్టేసుకోవడం చిన్న విషయం కాదని ఆవిణ్ణి చూశాకనే నాకు తెలిసింది. ఏడున్నరకో, ట్రాఫిక్కు ఎక్కువైన రోజున ఎనిమిదికో, ఫోను మోగుతుంది. "అమ్మా, ఇంటికి వచ్చాను." అప్పుడిక కారం దగ్గరనుంచి కోడిగుడ్ల ధర దాకా గంటసేపు మాట్లాడుకుంటారు. అమ్మాయి చేతిలో కాఫీ గ్లాసు తప్ప మరేమీ వుండదు.

మీ ఇళ్ళల్లోనూ ఈ సాయంత్రం ఎవరో ఒకరు ఏదో వూళ్ళో బండి నడుపుకుంటూ ఇంటికి వస్తూ వుంటారు. ఫోను చెయ్యకుండా వుండలేకపోతే చెయ్యండి. కాని మొదటి మాటగా "బండి మీద వున్నావా?" అని అడగండి. అవునంటే రెండో మాట అక్కర్లేదు. పెట్టెయ్యండి.