నీళ్ళమ్మిన పిల్ల

మన కావ్యములలో నల్లని స్త్రీలకు కొదువ లేదు. ద్రౌపదికి కృష్ణ యను పేరు మేనిచాయనుబట్టియే వచ్చినది. శంతనుమహారాజు మనసు హరించిన సత్యవతికి కాళి యను నామాంతరము కలదు. ఆమె యమునలో నోడ నడపిన దాశకన్య. ఈ కథలు భక్తితో జదువుకొనిన యిండ్లలోనే, పెండ్లిచూపులనాడు ‘పిల్ల నలుపా, తెలుపా’ యను ప్రశ్న ముందు వచ్చుట మాకెన్నడును బోధపడలేదు. ఈ ప్రశ్న మనకే కాదు, సముద్రముల కావలనున్న ఫిలిప్పీను దేశమునకును గలదు. అచట నా ప్రశ్న నోరు మూయించిన యొక నటీమణిని గూర్చి సోదరీమణులకు జెప్పవలెనని యీ నాలుగు మాటలు వ్రాయుచున్నాము. ఆమె పేరు నోరా ఔనోర్.

ఆ ద్వీపములను స్పెయినువారు మున్నూఱేండ్లకు బైగా నేలిరి. 1898లో వారు పోగా అమెరికావారు వచ్చిరి. నడుమ జపానువా రాక్రమించిన కాలము దప్ప 1946 వఱకు వారే ప్రభువులు. దొరలు పోయిరి గాని దొరల రంగుమీది మోజు పోలేదు. సినిమాలో నాయిక యన్న తెల్లని మేను, కోటేరువంటి ముక్కు, పొడవైన విగ్రహము నుండితీరవలెను. ఐరోపా రక్తము గలసినవారిని అచట ‘మెస్తిసా’ లందురు. నాయికాపాత్ర లెక్కువగా వారివే. 1950 దశకమున వెలిగిన గ్లోరియా రొమేరో తండ్రి ఫిలిప్పీనువాడైనను, ఆమె పుట్టినది అమెరికాలోని డెన్వరు పట్టణమున. ఆమె గొప్ప నటియే. మే మామెను దక్కువ చేయుట లేదు. ఆ కాలపు అభిరుచి యెట్టిదో చెప్పుచున్నాము.

నోరా 1953 మే 21వ తేదీన, లూజాను ద్వీపపు దక్షిణభాగమందలి బికోల్ సీమలో, ఇరిగా యను నూర జన్మించెను. పెద్ద సంసారము, చిన్న రాబడి. రైలు వచ్చి నిలిచినపుడు దప్పిగొనిన ప్రయాణికుల కా పిల్ల నీళ్ళమ్మెడిది. మన స్టేషన్లలో కిటికీల వెంట బరుగిడు పిల్లలను జూచిన వారికి ఆ బ్రదుకును వర్ణింప బనిలేదు. పుట్టినింటి పేరు విల్లమాయోర్. తన్ను జేరదీసిన బంధువుల పేరు గైకొని ఔనోర్ అయినది. ఆ పిల్లకు భగవంతుడు గొంతు నిచ్చెను. పదునాలుగేండ్ల ప్రాయమున, 1967లో, ‘తవాగ్ నంగ్ తంఘాలన్’ అను పేరొందిన పాటల పోటీలో గెలిచెను. అటుపిమ్మట సినిమావారు పిలిచిరి. పొట్టి పిల్ల, ‘కయుమంగి’ పిల్ల. మనము చామనచాయ యనుదానినే వారు కయుమంగి యందురు. ఇట్టి పిల్ల నాయిక యగుట యెట్లని పెద్దలు తలలు పంకించుచుండగనే జనము వెఱ్ఱెత్తినట్లు వెంటబడిరి.

ఆ జనమెవరు? ఇంటిపనులు చేయు దాసీలు, కూలివాండ్రు, అంగళ్ళలో గూర్చుండి కూరలమ్ముకొను స్త్రీలు. అచటి బీదలు కొయ్యపావుకోళ్ళు దొడుగుకొనెడివారు. వానిని ‘బక్యా’ లందురు. చదువుకొనిన వారు ఆ మాటతోనే యా ప్రేక్షకులను ఎగతాళి చేసిరి. పావుకోళ్ళవారి నటి యని నోరాకును బేరు వచ్చెను. ఆమె జతగా తీర్సో క్రూజ్ అను యువకుడు నటించెడివాడు. అత డిచ్చిన యొక బొమ్మకు ‘మరియా లియొనోరా తెరెసా’ అని నామకరణము చేసి, అది వారి బిడ్డయే యన్నట్లు జనము ముద్దు చేసిరట! బొమ్మల పెండ్లి చేసి విందు గుడిచిన మనము నవ్వరాదు.

మా సంగతి కొంచెము చెప్పుదుము. మా ఆడుబిడ్డ కుమార్తె చదువుకై మా యింట నున్నది. గడచిన వేసవిలో నొక సంబంధము వారు వచ్చి, ఫలహారములు చేసి, జాతకములు గలసినవని సంతసించి, పోవునపుడు గుమ్మము కడ నిలిచి, “పిల్ల కొంచెము రంగు తక్కువ గదా” యని గొణిగిరి. రంగు తక్కువైన చోట రొక్క మెక్కువ కావలెనని దాని యర్థము. మా వారు మఱుమాటాడక వారిని సాగనంపి తలుపు వేసిరి. పిల్ల మాత్రము మఱునాడే మొగము దెల్లబఱచు క్రీము కొని తెచ్చుకొనెను. అద్దము ముందు దాని రుద్దుడు చూడలేకపోతిమి. ఆ దినములలోనే, 2025 ఏప్రిలులో దివంగతురాలైన యీ నటిని గూర్చి యెక్కడనో చదివి, ‘హిమాలా’ అను చిత్రమును తానే కంప్యూటరులో దెచ్చి చూపెను. మాకు ఇంగ్లీషు రాదు. క్రింద వచ్చు నక్షరములను బిల్ల మాకు దెలుగున జెప్పుచుండెను.

‘హిమాలా’ అనగా అద్భుతము. మన హిమవంతునితో సంబంధము లేదు. 1982లో ఇష్మాయెల్ బెర్నాల్ దీనిని దీసెను. వానలు లేక యెండిన పల్లెలో ఎల్సా యను పిల్లకు సూర్యగ్రహణవేళ మేరీమాత దర్శన మిచ్చినదని పుకారు. రోగులు వత్తురు, యాత్రికులు వత్తురు, వెంటనే దుకాణములును వచ్చును. ఎల్సా దురాత్ములచే బరాభవింపబడి గర్భవతి కాగా దానినిగూడ దేవుని మహిమ యనుకొందురు. తుదకామె యిసుకదిబ్బపై నిలిచి, మహిమలు లేవు, దేవతలను శాపములను మనమే కల్పించుకొంటిమని జనసముద్రము నెదుట జెప్పును. అంతలో నొక తుపాకి గుండు. ఆ ఘట్టమున నోరా కేకలు వేయదు. ఆ కన్నులు మాత్రము జనమును జూచుచుండును. పిల్ల మా చేయి పట్టుకొని, “అత్తయ్యా, ఈమె నావలెనే యున్నదే!” యనెను. మఱుసటి వారమున క్రీము సీసా చెత్తబుట్టలో గనబడెను. మేమేమియు నడుగలేదు.

ఈ చిత్రము 1983లో బెర్లిను ఉత్సవమున బోటీకి నిలిచెను. మేము తరువాత మఱికొన్ని చూచితిమి. 1976 నాటి చిత్రమొకటి, జపానువారి దండయాత్ర నాటి యొక బడిపంతులమ్మ కథ, ఆమె స్వంత సంస్థయే నిర్మించినది. 1995లో సింగపూరున నురిదీయబడిన ఫ్లోర్ కాంటెంప్లాసియోన్ అను పనిమనిషి కథలో నటించి అదేయేట కైరో ఉత్సవమున నుత్తమనటి యయ్యెను. మన గోదావరి జిల్లాలనుండియు గడపసీమనుండియు నింటిపనులకై గల్ఫు దేశములకు బోవు తల్లుల నెఱిగినవారు ఆ చిత్రమును బొడికన్నులతో జూడలేరు.

మాకన్నిటికంటె మనసు గలచినది 2012 నాటి ‘నీ గర్భము’ అను చిత్రము. అందామె సముద్రముపై గుడిసెలు గట్టుకొని బ్రదుకు బజావు జాతి మంత్రసాని. ఊరివారి బిడ్డలకెల్ల బురుడు పోయును. తనకు సంతు లేదు. భర్తకు రెండవ భార్యను దానే వెదకి తెచ్చును. బిడ్డ పుట్టినపిమ్మట మొదటి భార్యను విడువవలెనని యా వధువు నియమము. ఆ బిడ్డకును బురుడు పోసినది తానే. బొడ్డుకోసిన వేళ నోరా మాటాడదు. ఆ చేతులు, ఆ చూపు. సంతు లేని కోడండ్రను నలుగురిలో నడిగెడు నోళ్ళున్న ప్రతి వీథిలోను దీనిని జూపవలెను.

ఇంత చేసినదియు, 2010 ప్రాంతమున జపానుదేశమున మొగమునకు సౌందర్యచికిత్స చేయించుకొనగా పాటగొంతు పోయినదట. చదివి మే మొక పూట యన్నము సరిగా దినలేకపోతిమి. తెలుపు లేక గెలిచిన దానికిగూడ అద్దము పోరు తప్పలేదు. 2014లో జాతీయ కళాకారిణి బిరుదమునకు నిపుణులు సూచించిరి. వెనుకటి మత్తుపదార్థపు కేసును సాకుగా జూపి అధ్యక్షుడు నిరాకరించెను. ఆమె దోషములను మేము గప్పిపుచ్చము. కాని కళకు బిరుదమిచ్చువారు కళను దూచవలెను. 2022లో నా బిరుదము వచ్చెను. 2025 ఏప్రిలు 16న, డెబ్బదియొకటవ యేట కన్నుమూయగా, వీరులను బూడ్చు ప్రభుత్వ శ్మశానమున నామెను బూడ్చిరి.

పిల్ల యిపుడు ‘బోనా’ చూతమనుచున్నది. 1980లో లీనో బ్రోకా తీసినది. 2024లో బాగుచేసి కాన్సు ఉత్సవమున మరల జూపిరి. అందు నోరా, చిన్న వేషములు వేయు నొక నటునిపై భక్తితో నిల్లు విడిచి వచ్చి, వానికి నీళ్ళు మోసి, వేణ్ణీళ్ళు కాచి స్నానము చేయించు పిల్ల. తుదకు వాడు తన్ను విడిచి పోదుననగా, కాగిన నీళ్ళనే వానిపై గుమ్మరించునట. మా యింటను దెల్లవాఱుజామున నీళ్ళు కాచునది మేమే. ఆ ఘట్టము వచ్చు నాదివారము మా వారు బజారునకు బోయియుండుట మేలని తలంచుచున్నాము.