చెనిక్కాయలూ, పసుపు గాలీ, ఊరు చుట్టే రోడ్డూ

మొన్న ఏప్రిల్‌లో అనంతపురం నుంచి మా పెదనాన్న ఫోన్ చేసి, "ఏం నాయనా, మీకాడ మంచు బాగా పడతాందా?" అని అడిగాడు. ఆయన లెక్కలో అమెరికా అంటే ఏడాది పొడుగునా మంచే. "మంచు కాదు పెద్దనాయనా, పసుపు పడతాంది" అన్నాను. ఎగతాళి చేస్తున్నాననుకుని ఫోను పెద్దమ్మ చేతికిచ్చేశాడు.

ఎగతాళి కాదండీ. నేనుండేది జార్జియా రాష్ట్రంలో, అట్లాంటాకి ఉత్తరాన. మార్చి నెలాఖరయ్యేసరికి ఇక్కడి పైన్ చెట్లు పుప్పొడి దులపడం మొదలెడతాయి. తెల్ల కారు, నల్ల కారు అన్న తేడా పోతుంది. వరండాలో కుర్చీలు, పిల్లల జారుడుబల్ల, పక్కింటి కుక్క, అన్నీ పసుపే. ఉగాదికి గడపకి వేరే పసుపు రాయక్కర్లేదు. ఘనపు మీటరు గాలిలో పుప్పొడి రేణువులు 1,500 దాటితేనే 'అతి తీవ్రం' అంటారు. అలాంటిది 2025 మార్చి 29న అట్లాంటాలో లెక్క 14,801కి వెళ్ళింది. అంతకు ముందు 2012లో 9,369 వచ్చినప్పుడే ఊరు ఊరంతా గగ్గోలు. ఆ రోజుల్లో ఎవర్ని పలకరించినా ముందు తుమ్ము, తర్వాత మాట. తమాషా ఏమిటంటే, కంటికి కనబడే ఈ పైన్ పుప్పొడి రేణువు పెద్దది, అంత హాని చేయదు. ముక్కు పట్టేది కనబడని ఓక్ చెట్ల పుప్పొడి. తిట్లు మాత్రం పైన్ చెట్టుకే.

మరి అక్కడే ఎందుకు పడున్నావయ్యా అంటారా? తిండి కోసం. ఇండియన్ స్టోర్ల సంగతి కాదు, అవిప్పుడు ఎక్కడైనా ఉన్నాయి. నేను చెప్పేది ఇక్కడివాళ్ళ తిండి.

చెనిక్కాయల దగ్గర నాకు పక్షపాతం ఉంది, ముందే చెప్పేస్తున్నా. అమెరికాలో పండే వేరుశనగలో సుమారు సగం ఈ ఒక్క రాష్ట్రంలోనే పండుతుంది. మా ఇంటి చుట్టూ ఉన్న ఎర్రమట్టిలో కాదు, దక్షిణాన ఇసుక నేలల్లో. ఈ దేశానికి అధ్యక్షుడైన జిమ్మీ కార్టర్ ప్లెయిన్స్ అనే చిన్న ఊళ్ళో ఒకప్పుడు వేరుశనగ రైతే. సరే, ఆయన సంగతి అలా ఉంచండి. ఊరు దాటి కొండల వైపు వెళ్తుంటే రోడ్డు పక్కన అట్టముక్క మీద చేత్తో రాసిన బోర్డు కనబడుతుంది, 'బాయిల్డ్ పీనట్స్' అని. ఒక రేకుల పందిరి, గ్యాసు పొయ్యి, దాని మీద పెద్ద గుండిగ. మూత తీస్తే ఆవిరితో పాటు వచ్చే ఆ వాసన ఉంది చూశారూ, కదిరి బస్టాండులో దిగినట్టే. పచ్చి కాయల్ని పొట్టుతోనే ఉప్పునీళ్ళలో గంటల తరబడి ఉడికిస్తారు. మనం గింజ కాస్త కరకరలాడుతుండగానే దించేస్తామా, వీళ్ళు పప్పుగింజలాగా మెత్తబడేదాకా దించరు. గరిటెతో రసం కారుతుండగానే గ్లాసులో పోసి ఇస్తారు. కాయ కొనను పళ్ళతో నొక్కితే లోపలి ఉప్పురసం ముందు నోట్లోకి వస్తుంది, గింజ తర్వాత. తెలియక మొదటి కాయ చేత్తో ఒలిచినవాళ్ళ చొక్కా మీద మరక ఖాయం. కారం కలిపిన రకం కూడా ఉంటుంది, కానీ ఉప్పువే నాకిష్టం. పచ్చికాయ వచ్చే ఆగస్టు, సెప్టెంబరు నెలల్లోనే దాని అసలు రుచి. మిగతా రోజుల్లో ఎండుకాయను నానబెట్టి ఉడికిస్తారు, అది ఆకలికి తప్ప రుచికి కాదు.

అలసందలు కూడా ఇక్కడ పండగ తిండే. జనవరి ఒకటో తేదీన అలసందలు తింటే ఏడాదంతా అదృష్టం, ఆకుకూర తింటే డబ్బు అని నమ్మకం. డిసెంబరు నెలాఖర్లో కొట్లలో అలసందల డబ్బాలు ఖాళీ అవుతుంటాయి. వాటితో వడలు వేసుకోవచ్చని వీళ్ళకి ఎవరూ చెప్పలేదు పాపం. బెండకాయను మొక్కజొన్న పిండిలో పొర్లించి నూనెలో వేయిస్తారు, అది మాత్రం మన వేపుడుకి ఏ విధంగానూ తీసిపోదు. ఈ బెండకాయలూ ఈ అలసందలూ ఆఫ్రికా నుంచి బానిసలుగా పట్టి తెచ్చిన మనుషులతో ఈ నేలకి వచ్చాయి. దక్షిణాది వంట అని ఇక్కడ గొప్పగా చెప్పుకునేదాంట్లో సగం వాళ్ళ చేతి చలవే అని నా అభిప్రాయం.

2002లో ఈ రాష్ట్రం గ్రిట్స్‌ను తన అధికారిక వంటకంగా చట్టం చేసుకుంది. మొక్కజొన్న రవ్వను మెత్తగా ఉడికించి, వెన్న వేసి ఇచ్చేదే గ్రిట్స్. రాత్రీ పగలూ తలుపు మూయని వాఫుల్ హౌస్ హోటళ్ళు 1955లో ఈ అట్లాంటా పక్కనే పుట్టాయి. మా అమ్మ వచ్చినప్పుడు అక్కడికే తీసుకెళ్ళాను. ఒక చెంచా నోట్లో పెట్టుకుని, "మొక్కజొన్న సంగటే గదరా, నీళ్ళెక్కువైనాయి" అంది. మర్నాడు ఇంట్లో తనే గట్టిగా వండి, ముద్ద చేసి, ఊరగాయతో పెట్టింది.

శాకాహారులకు మాత్రం ఒక హెచ్చరిక. ఇక్కడి హోటల్లో ఆకుకూర కనబడింది కదా అని సంబరపడి చెప్పేయకండి. కాలర్డ్ ఆకును పంది ఎముకతో ఉడికించడం ఆనవాయితీ. బీన్స్ కూరలోనూ అంతే. "ఇందులో మాంసం ఉందా?" అని అడిగితే "లేదండీ" అంటారు. అబద్ధం కాదది, వాళ్ళ లెక్కలో రుచికి వేసింది మాంసం కిందకు రాదు.

ఇక విడాలియా ఉల్లిపాయ. ఆ ఉల్లిపాయ ఏ ఏ కౌంటీల్లో పండితే ఆ పేరు పెట్టుకోవచ్చో 1986లో చట్టమే చేశారు. నేలలో గంధకం తక్కువ కాబట్టి ఘాటుండదు, తియ్యగా ఉంటుంది, కోస్తే కన్నీళ్ళు రావు. ఇక్కడివాళ్ళకి ప్రాణం. నాకైతే పప్పన్నంలో నంజుకోవడానికి ఉల్లిపాయకి ఆ ఘాటు లేకపోతే ఎందుకండీ? పులుసులో వేస్తే అదీ తియ్యగా అయిపోతుంది.

కడుపు నిండింది కాబట్టి ఇప్పుడు రోడ్డెక్కుదాం. మన తెలుగువాళ్ళలో ఎక్కువమంది ఉత్తరాన ఆల్ఫరెటా, జాన్స్ క్రీక్, కమ్మింగ్ వైపు ఉంటారు. వెంకటేశ్వరస్వామి గుడేమో రివర్‌డేల్‌లో, విమానాశ్రయానికి కాస్త దక్షిణాన. అంటే స్వామి దర్శనానికి అట్లాంటా నగరం మొత్తం దాటాలి. అడ్డంగా పోతే ఊరి ట్రాఫిక్, చుట్టూ పోతే 285 నంబరు రింగురోడ్డు, దాదాపు 64 మైళ్ళు. అందులో 85వ నంబరు రహదారి కలిసేచోట వంతెన మీద వంతెన వేసి పెట్టిన పీటముడికి జనం పెట్టిన పేరు స్పఘెట్టీ జంక్షన్. శుక్రవారం సాయంత్రం నాలుగింటికి అందులో పడితే గోవిందనామాలు కారులోనే అయిపోతాయి. పోనీ దారి అడుగుదామంటే, ఈ ఊళ్ళో పీచ్‌ట్రీ అన్న మాటతో డెబ్భై దాకా వీధులున్నాయి. పీచ్ పండుకి పేరు మోసిన ఈ రాష్ట్రంలో కంటే పక్కనున్న సౌత్ కరొలైనాలోనే పీచ్ ఎక్కువ పండుతుందనుకోండి, ఆ మాట ఇక్కడ గట్టిగా అనకూడదు.

రైలు లేదా అంటారేమో. మార్టా అని ఉంది, విమానాశ్రయం లోపలికే పోతుంది, శుభ్రంగా ఉంటుంది. కానీ ఉత్తరాన నార్త్ స్ప్రింగ్స్ దగ్గర ఆగిపోతుంది, మా ఇళ్ళు ఆ తర్వాతే మొదలవుతాయి. మా పక్కన గ్విన్నెట్ కౌంటీ జనం 1971 నుంచి ఎన్నిసార్లు ఓటు పెట్టినా వద్దనే అన్నారు, 2019లోనూ, మళ్ళీ 2020లోనూ. ట్రాఫిక్‌ని తిట్టేదీ వాళ్ళే, రైలొద్దనేదీ వాళ్ళే. ట్రాఫిక్ అంటే గుర్తొచ్చింది, పెదనాన్న అడిగిన మంచు కూడా ఒకసారి పడింది లెండి. 2014 జనవరి 28న రెండున్నర అంగుళాలు. ఒకే మధ్యాహ్నం ఆఫీసులూ బళ్ళూ అన్నీ వదిలేసరికి కార్లు ఎక్కడివక్కడే నిలబడిపోయాయి. వేలమంది పిల్లలు ఆ రాత్రి బడిలోనే పడుకున్నారు.

ఇంటి దగ్గర బాధ వేరు. పెరట్లో గోంగూర వేశాను, ఈ ఎర్రమట్టికి ఏపుగా వస్తుంది. పచ్చిక పెరిగిందని ఉత్తరం రాసే కాలనీ సంఘం దాని జోలికి రాలేదు గానీ, జింకలొచ్చాయి. రాత్రికి రాత్రి కాడలు తప్ప ఆకు మిగల్చలేదు. పక్కింటి పెద్దావిడ ఇక్కడే పుట్టి పెరిగిన మనిషి. సబ్బు ముక్కలు దారానికి కట్టి వేలాడదీయమని సలహా ఇచ్చింది. కట్టాను. ఈసారి జింకలు సబ్బుని పక్కకి తోసి తిన్నాయి. మూడో విడత ఆకు మాత్రం దక్కింది. పచ్చడి నూరి, సలహా ఇచ్చినందుకు ఆవిడకీ ఒక గిన్నె ఇచ్చాను. మొక్కజొన్న రొట్టెలో అద్దుకుని, కళ్ళనీళ్ళు తుడుచుకుంటూ మొత్తం తినేసింది. గిన్నె తిరిగిస్తూ, "చాలా బావుంది, కాస్త పంది కొవ్వు పడితే ఇంకా బావుండేది" అంది.