పత్తి గుణం, కాగితం మొండితనం

గండికోట దగ్గర పెన్నా లోయను ఫొటో తీసిన మనిషికి ఆ ఎర్రరాళ్ల రంగు మామూలు కాగితం మీద నిలవదని త్వరలోనే తెలిసిపోతుంది. అప్పుడు నూలు కాగితం తెప్పించుకుంటాడు. జర్మనీలో 1584 నుంచి కాగితం చేస్తున్న హానెమ్యూల్ వారి ఫొటో ర్యాగ్ రకం ఒకటి చదరపు మీటరుకు 308 గ్రాములు తూగుతుంది. జిరాక్సు కాగితమైతే 75, 80 గ్రాములే.

చిక్కు అక్కడే మొదలు. ప్రింటరు రోలర్లు ఇంత మందపాటి షీటును పట్టవు, పట్టినా పక్కకు లాగుతాయి. లేచిన అంచుకు ప్రింటరు హెడ్ రాసుకుని సిరా మరక పడుతుంది. చాలామంది యంత్రాన్నే తిడతారు. కడపలో, కర్నూలులో వేసవిలో ముందుగా అనుమానించాల్సింది గాలినే. ఆదోని పత్తి మార్కెట్టు ఎరిగిన సీమకు పత్తి గుణం కొత్త కాదు: తేమ పీలుస్తుంది, వదులుతుంది. 40 డిగ్రీల పొడి ఎండలో సిరా పట్టే పూత ఉన్న వైపు, లేని వైపు ఒకేలా ఆరవు. షీటు వంగుతుంది.

అందుకే అనుభవమున్నవాళ్లు అచ్చు వేసే దాకా ప్యాకెట్టు విప్పరు. వంగిన షీటును శుభ్రమైన కాగితంలో పెట్టి, వంపుకు ఎదురు దిశలో గొట్టానికి వదులుగా చుట్టి సరిచేస్తారు. మెత్తటి కుంచెతో నూలు దుమ్ము దులుపుతారు. ఆ దుమ్ము అంటితే రోలరు జారుతుంది.

తరువాత ప్రింటరు వెనక దారిలో ఒక్కొక్క షీటే పెట్టాలి, సెట్టింగుల్లో మందపాటి కాగితమని ఎంచుకోవాలి. అప్పటికీ లాగకపోతే బలంగా నెట్టకండి. బయటికి తీసి, అంచు చదును చేసి, మళ్లీ పెట్టండి.