పగడపుటుంగరము

గడచిన మాఘమాసమున మా చెల్లెలు తన కుమార్తెను వెంటబెట్టుకొని మా యింటికి వచ్చినది. పిల్లకు కుజదోష మున్నదని రెండు సంబంధములు తప్పిపోయినవి. జ్యోతిష్కుని మాటపై పగడపుటుంగరము చేయించి, "అన్నయ్యా, నీకు నమ్మకము లేదని యెరుగుదును, అయినను పెద్దవాడవు, నీ చేతితో పిల్లకిమ్ము" అని మా చేతిలో పెట్టినది. ముప్పది యేండ్లుగా ఇట్టి నమ్మకములకు విరోధముగా సభలలో మాటలాడిన మాకు నోట మాట రాలేదు. తుదకు "ఇది వట్టి రాయి; రాతికి కుజునితో నేమి పని?" అంటిమి. డిగ్రీ చదువుచున్న మా మేనకోడలు నవ్వి, "రాయి కాదు మామయ్యా, ప్రాణి కట్టుకొన్న యెముక" అన్నది.

మూఢత్వమును ఖండింపబోయి మా యజ్ఞానమునే బయటపెట్టుకొంటిమి. నాటి నుండి కొన్ని వారములు పగడములను గూర్చి దొరికినదెల్ల చదివితిమి.

ఐరోపా పండితులును బహుకాలము పగడమును సముద్రపు మొక్కయనియే తలచిరి. 1720లలో పెయిసొనెల్ అను ఫ్రెంచి వైద్యుడు పగడపుకొమ్మను సముద్రజలములో నుంచి, దాని పువ్వులు విచ్చుకొనుట, ముడుచుకొనుట చూచి, ఇవి పువ్వులు కావు, చిన్న ప్రాణులని చెప్పెను. పారిసులోని పండితసభవారు ఆ మాటను పెడచెవిని బెట్టిరి. సభల కీ గుణము ఏ దేశమందైన నొకటే కాబోలు!

ఉంగరములకు వాడు ఎఱ్ఱ పగడము మధ్యధరాసముద్రమున వెలుతురు తక్కువగు చోట్ల పెరుగును. వెచ్చని, లోతులేని నీళ్లలో దిబ్బలు కట్టునవి దాని జ్ఞాతులు. ఈ దిబ్బల ప్రాణి యొంటరిది కాదు. దాని శరీరములో కంటికి కానరాని నాచు కాపురముండి, సూర్యరశ్మితో ఆహారము సమకూర్చును. పైని జిగురుపొరలో అసంఖ్యాకముగా బాక్టీరియాలు, వాటిని చంపు వైరసులు నుండును. ఒక్క మిల్లీలీటరు సముద్రజలములోనే సుమారు పది లక్షల బాక్టీరియాలును, వానికి పదిరెట్లు వైరసులును ఉండునట.

ఇచ్చట మా సంగతి యొకటి చెప్పవలెను. మా తల్లిగారి మడిని పరిహసించి, సూక్ష్మజీవుల పేరు చెప్పి నీళ్లు కాచి త్రాగుట ఇంటిల్లిపాదికి నేర్పినవారము మేము. అది మంచిపనియే. కాని సూక్ష్మజీవి యన్నంతనే శత్రువని తలచుట మాకు రెండవ మడి యైనది. అమెరికాలో సాన్ డియేగో స్టేట్ విశ్వవిద్యాలయమునకు చెందిన ఫారెస్ట్ రోవర్ అను శాస్త్రజ్ఞుని పరిశోధనలు చదివిన పిమ్మట ఆ మడియు సడలినది. పగడముల జిగురులో వైరసులు అంటిపెట్టుకొని, చొరబడు బాక్టీరియాలను చంపి కాపలా కాయుననియు, మన చిగుళ్లమీది జిగురులోను అట్లే యున్నదనియు ఆయన బృందమువారు 2013లో ప్రకటించిరి.

2005లో రోవర్ మొదలగువారు ఓడపై మధ్య పసిఫిక్ సముద్రములోని లైన్ దీవులకు పోయిరి. అందు కింగ్‌మన్ దిబ్బపై జనులు లేరు. అచ్చటి చేపల బరువులో నూటికి ఎనుబదియైదు వంతులు సొరచేపల వంటి పెద్ద వేటచేపలవే. క్రిస్మస్ దీవిలో అప్పటికి అయిదువేల మంది జనులు. ఆ దీవి నీటిలో కింగ్‌మన్ నీటికన్న సూక్ష్మజీవులు సుమారు పదిరెట్లు. పగడములు తక్కువ, రోగములు ఎక్కువ.

కారణము మమ్ము మిక్కిలి ఆశ్చర్యపరచినది. జెన్నిఫర్ స్మిత్, రోవర్ మొదలగువారు ఒకే తొట్టిలో పగడము నొక ప్రక్క, పెద్ద నాచు నొక ప్రక్క నుంచి, బాక్టీరియా సైతము దాటలేని సన్నని జల్లెడ నడుమ బెట్టిరి. నాచు తాకకున్నను పగడములన్నియు చచ్చినవి. బాక్టీరియాలను చంపు మందు నీటిలో కలిపినప్పుడు ఒక్కటియు చావలేదు. వేరొక పరీక్షలో వట్టి చక్కెర కలిపినను పగడములు చచ్చినవి. ఇవి 2006లో ప్రకటితమైనవి. అనగా నాచునుండి యూరు చక్కెరల వంటి పదార్థములు జల్లెడ దాటి పోయి, పగడముపైని బాక్టీరియాలకు విందగును. అవి మితిమీరి పెరిగి ప్రాణవాయువును కాజేయగా పగడము ఊపిరాడక చచ్చును. చచ్చిన చోట మరల నాచు మొలచును. నాచును మేయు చేపలను మనుష్యుడు పట్టివేసిన చోట ఈ చక్ర మారంభమగును. చంపినది పరాయి శత్రువు కాదు. ఇంటిలో నెప్పుడు నుండునదే, తిండి మితిమీరి యట్లయినది.

ఇందుకు ఆ దీవిలోని బెస్తలను నిందింపరాదు. వారు కడుపునకు పట్టుకొందురు. 2015-16లో సముద్రము వేడెక్కి అచ్చటి పగడములలో అధికభాగము నశించినప్పుడు, ఆ వేడి వారి పొయ్యినుండి వచ్చినది కాదు.

ఇదెల్ల మేనకోడలికి చెప్పగా, తాను విశాఖపట్టణమునకు పోయి సముద్రజీవశాస్త్రము చదువగోరుచున్నా ననియు, తల్లి మూడవ సంబంధము చూచుచున్నదనియు మెల్లగా చెప్పినది. ఉంగరము నేటికిని మా బల్ల సొరుగులోనే యున్నది. దానినిగూర్చి చెల్లెలు రెండుమారులు ఫోనులో అడిగినది. పిల్ల దరఖాస్తు మొన్న పంపితిమి. రుసుము మేమే కట్టితిమి. చెల్లెలితో చెప్పుటకు మాత్రము ఇంకను ధైర్యము చాలలేదు.