కుర్రాడు ఎలాంటివాడు?

మా మేనత్తకి సంబంధం వచ్చినప్పుడు తాతయ్య ఉయ్యూరులో బస్సెక్కి, పామర్రు అవతల ఆ ఊరికి ఒక్కడే వెళ్లాడు. పెళ్లికొడుకు ఇంటికి కాదు. కిళ్లీకొట్టు దగ్గర, రైసుమిల్లు దగ్గర, చదువు చెప్పిన మాస్టారి అరుగు మీద కూర్చుని "కుర్రాడు ఎలాంటివాడండీ?" అని వాకబు చేశాడు.

ఇక్కడ టెక్సాస్‌లో, మా ఫ్రిస్కోలో, బాస్కెట్‌బాల్ లీగ్ ఎన్‌బీఏలో జట్లు కొత్త కుర్రాళ్లని ఎంచుకునే డ్రాఫ్ట్ రోజులొస్తే నాకు ఆ వాకబే గుర్తొస్తుంది. ముందు షికాగోలో కుర్రాళ్ల ఎత్తు, చాపిన చేతుల పొడవు, ఎగిరే ఎత్తు కొలుస్తారు. సంతలో కోడెదూడని చూసినట్టే ఉంటుంది. అసలు పని ఆ తర్వాతే. జట్లు కుర్రాణ్ణి గదిలో కూర్చోబెట్టి మాట్లాడతాయి, పాత కోచ్‌లకి ఫోన్లు చేస్తాయి. ఓడిన రోజు ఎలా ఉన్నాడు? బెంచీ మీద కూర్చోబెడితే ఏం చేశాడు? పంతొమ్మిదేళ్ల పిల్లాడి చేతిలో అంత డబ్బు పెట్టబోతూ అడగడంలో తప్పు లేదు.

2015లో మా డాలస్ మావరిక్స్ 52వ ఎంపికగా సత్నాం సింగ్‌ని తీసుకుంది. డ్రాఫ్ట్‌లో పేరు వచ్చిన మొదటి భారతీయుడు. పంజాబ్‌లో బల్లోకే అనే పల్లె, సేద్యం, తనూ ఏడడుగుల మనిషైనా ఆడే అవకాశం దొరకని తండ్రి. సత్నాంకి ఎన్‌బీఏలో ఒక్క మ్యాచ్ కూడా దక్కలేదు. ఫ్రిస్కోలోనే దిగువ లీగ్ జట్టు టెక్సాస్ లెజెండ్స్‌కి ఆడాడు. మా అబ్బాయికి చూపించాలని వెళ్లాను.

గుంటూరు క్రికెటర్ షేక్ రషీద్ తండ్రి అయితే కొడుకుని ప్రాక్టీసుకి తిప్పుతూ ఉద్యోగమే పోగొట్టుకున్నాడు. 2022 అండర్-19 ప్రపంచకప్ సెమీఫైనల్లో ఆస్ట్రేలియా మీద రషీద్ 94 కొట్టాడు. ఆ ఏడాది చివర్లో జరిగిన ఐపీఎల్ వేలంలో చెన్నై 20 లక్షలకి తీసుకుంది. పరుగులు స్కోరుబోర్డు మీద కనిపిస్తాయి. ఆ తండ్రి కనిపించాలంటే ఎవరో ఒకరు గుంటూరు వచ్చి అడగాలి.

వాకబుకీ హద్దుంది. 2010లో అమెరికన్ ఫుట్‌బాల్ డ్రాఫ్ట్‌కి ముందు డెజ్ బ్రయంట్ అనే కుర్రాణ్ణి మయామి జట్టు జనరల్ మేనేజర్ "మీ అమ్మ వేశ్యా?" అని అడిగాడు. తర్వాత క్షమాపణ చెప్పాడు. అయినా ఆ వార్త చదివినప్పుడు నాకు ఒళ్లు మండిపోయింది. తల్లి బతుకు పిల్లాడి గుణం ఎలా అవుతుంది?

తాతయ్య తిరిగొచ్చాక ఇంట్లో పెద్ద గొడవ. పెళ్లికొడుకు తండ్రి తాగుబోతని ఊరంతా చెప్పింది. ఆ సంగతి తాతయ్య దాచలేదు. నాయనమ్మ వద్దంటే వద్దంది.

"రోజూ రాత్రి ఆ తాగినాయన్ని సైకిలు వెనక కూర్చోబెట్టుకుని ఇంటికి తెచ్చేది ఎవరనుకున్నావే? ఆ కుర్రాడే," అన్నాడు తాతయ్య.

వైశాఖంలో పెళ్లి చేశారు.