అంబలి కాస్తూ చెప్పిన మాటలు

బ్రాంప్టన్‌లో మన తెలుగు క్రైస్తవ సంఘం ఒకటి, ఇంగ్లీషువాళ్ళ చర్చిని ఆదివారం మధ్యాహ్నాలు అద్దెకు తీసుకుని ఆరాధన జరుపుకుంటోంది. ఈసారి స్త్రీల కూడికలో వాక్యంతో పాటు హార్మోన్ల గురించి, తిండి గురించి కూడా మాట్లాడతారని, వెళ్ళి చూసి రాయమని సంపాదకులు అడిగారు. పైన హాల్లో ఒక డాక్టరమ్మ బొమ్మలు చూపిస్తూ చక్కగానే చెప్పారు. నేను మాత్రం ఎక్కువసేపు బేస్‌మెంట్‌లోని వంటగదిలో ఉండిపోయాను.

అక్కడ బొబ్బిలి వైపు పెద్దావిడ ఒకరు చోడి (రాగి) అంబలి కాస్తున్నారు. మిషన్ ఆసుపత్రిలో నర్సుగా చేసి రిటైరయ్యాక కొడుకు దగ్గరికి వచ్చేశారు. రాత్రి కలిపి పులియబెట్టిన చోడిపిండిని ఉడుకుతున్న నూకల్లో సన్నని ధారగా ఒక చేత్తో పోస్తున్నారు, రెండో చేత్తో తెడ్డు తిప్పుతున్నారు. ఎక్కడైనా ఉండ కట్టిందా, గిన్నె అంచుకు తెడ్డుతో అదిమి చిదిపేస్తున్నారు. చూపు మాత్రం సింకు దగ్గర పళ్ళేలు కడుగుతున్న అమ్మాయి మీద ఉంది.

ఆ అమ్మాయి వెనక్కి తిరక్కుండానే అంది: "ఆంటీ, నాకు గర్భఫలం కావాలని సంఘమంతా ప్రార్థిస్తున్నారు. రెండు మూడు నెలలైనా నెలసరి రాదన్న సంగతి మాత్రం ఎవరికీ చెప్పలేదు. ప్రార్థన మనవుల్లో అది రాయొచ్చా?"

"రాయి. ముందు డాక్టరుకి చెప్పు" అన్నారావిడ.

ఆ ప్రశ్న విన్నాక నాకు మనసు మనసులో లేదు. పిల్లలు లేరన్న సంగతి ఊరందరికీ తెలుసు, ఎందుకు లేరో అడిగే ధైర్యం ఎవరికీ లేదు. నెలసరి ఇలా తప్పడానికి తరచూ కారణమయ్యే పీసీఓఎస్ అనే హార్మోన్ల సమస్య, పిల్లల్ని కనే వయసు స్త్రీలలో 10 నుంచి 13 శాతం మందికి ఉంటుందని, వారిలో 70 శాతం దాకా తమకు అది ఉన్నట్టే తెలియకుండా బతుకుతున్నారని ప్రపంచ ఆరోగ్య సంస్థ చెబుతోంది. వీరిలో చాలామందికి ఒంట్లో ఇన్సులిన్ సరిగా పనిచేయదు. దాంతో శరీరం ఇంకా ఎక్కువ ఇన్సులిన్ తయారు చేస్తుంది, ఆ ఎక్కువే అండాశయాల్లో మగ హార్మోన్లను పెంచి అండం విడుదలను అడ్డుకుంటుంది. బరువు ఎక్కువున్నవాళ్ళు అందులో 5 నుంచి 10 శాతం తగ్గినా చాలామందికి నెలసరి మళ్ళీ దారిలో పడుతుంది. 1921లో ఆ ఇన్సులిన్‌ను కనిపెట్టింది ఈ పక్కనున్న టొరంటోలోనే. ఇంత దగ్గర్లో ఉండి కూడా మన ఆడపిల్లలు ఈ జబ్బును శాపమనుకుని కుమిలిపోతున్నారు.

సువార్తల్లో పన్నెండేళ్ళు రక్తస్రావంతో బాధపడిన స్త్రీ కథ ఉంది. ఆమె జబ్బేమిటో మత్తయి, మార్కు, లూకా ముగ్గురూ దాచకుండా రాశారు. వైద్యుల చుట్టూ తిరిగి ఉన్నదంతా పోగొట్టుకుందని కూడా మార్కు రాశాడు. చావుబతుకుల్లో ఉన్న బిడ్డ కోసం యాయీరు ఇంటికి వెళ్తున్న యేసు, దారిలో ఆమె కోసం ఆగాడు. జనం మధ్యలో ఆమె చెప్పిందంతా విని, కుమారీ అని పిలిచాడు. ఈ భాగం మీద మన సంఘాల్లో ఎన్నో ప్రసంగాలు విన్నాను. అలాంటి జబ్బుతోనే ముందు వరసలో కూర్చున్న స్త్రీ గురించి ఒక్క మాటా వినలేదు.

మనకు ఈ మౌనం నేర్పింది మిషనరీలు కానే కాదు. 1874లో జాన్ మెక్లారిన్ కాకినాడలో మొదలుపెట్టిన కెనడియన్ బాప్టిస్టు మిషన్ తర్వాత ఆసుపత్రులు కూడా కట్టింది. మగ డాక్టరుకు ఒళ్ళు చూపించలేక ఇళ్ళలోనే చనిపోతున్న గోషా స్త్రీల కోసం ఈ దేశం నుంచి ఆడ డాక్టర్లు సముద్రం దాటి వచ్చారు. పిఠాపురంలో డాక్టర్ జెస్సీ అలిన్ చేసింది ఆ పనే. ఒకే ఆవరణలో ప్రార్థనా ఉండేది, ప్రసూతి వార్డూ ఉండేది. ఆ కెనడాకే వలస వచ్చిన మనం కీర్తనలు తెచ్చుకున్నాం, ఆ వార్డును అక్కడే వదిలేశాం.

ఆ పెద్దావిడ మాత్రం వదల్లేదు. అంబలి గ్లాసులు అందిస్తూ ఒక్కొక్కరినీ అడుగుతున్నారు. "ఏటమ్మా, థైరాయిడ్ మాత్ర టీతో మింగుతున్నావా? పరగడుపున మంచినీళ్ళతో వేసుకో, అరగంటో గంటో ఆగి అప్పుడు తాగు టీ." ఆ మాత్రకూ ఐరన్, కాల్షియం మాత్రలకూ మధ్య నాలుగు గంటల ఎడం ఉండాలన్నారు. 100 గ్రాముల చోళ్ళలో దాదాపు 350 మిల్లీగ్రాముల కాల్షియం ఉంటుంది కనక థైరాయిడ్ మాత్ర వెంటనే అంబలి కూడా తాగొద్దన్నారు. అల్మరాలో గులాబీ ఉప్పు చూసి పక్కన పెట్టేశారు. కెనడాలో ఇళ్ళలో వాడే మామూలు ఉప్పులో అయోడిన్ కలపాలని 1949 నుంచీ చట్టం. ఆరోగ్యమని కొనుక్కునే ఈ రాతి ఉప్పులో చెప్పుకోదగ్గ అయోడిన్ ఉండదు. అక్టోబరు నుంచి మార్చి దాకా ఇక్కడి ఎండ ఒంట్లో విటమిన్ డి పుట్టించేంత బలంగా ఉండదు. ఒంటారియోలో 2010 డిసెంబరు నుంచి, కొన్ని జబ్బులున్నవారికి తప్ప విటమిన్ డి రక్తపరీక్షకు ప్రభుత్వం డబ్బివ్వదు. "పరీక్ష కోసం కూర్చోకండమ్మా, ఎంత వేసుకోవాలో డాక్టరుని అడిగి చలికాలమంతా వేసుకోండి" అన్నారు.

పైన సాక్ష్యాల సమయంలో ఒకావిడ, దేవుడు స్వస్థపరిచాడు కాబట్టి థైరాయిడ్ మాత్రలు మానేశానని చెప్పింది. అందరూ స్తోత్రం అన్నారు. నాకు కోపం ఆగలేదు. కిందకొచ్చాక పెద్దావిడ ఆమెను పక్కన కూర్చోబెట్టుకున్నారు. బాగయిన కుష్ఠరోగిని యేసు యాజకుడి దగ్గరికి పంపి చూపించుకోమన్నాడని గుర్తుచేశారు. "నువ్వూ రక్తపరీక్షకి చూపించుకో తల్లీ. బాగయితే అందులో కనబడుద్ది. అప్పటిదాకా మాత్ర మానకు." విశ్వాసానికి అందులో లోటేమీ లేదు. ఇంతకంటే వాక్యానుసారమైన సలహా ఆ రోజు పైన హాల్లో కూడా నాకు వినబడలేదు.

వచ్చే నెల ఇరవై ఒక్క రోజుల ఉపవాస ప్రార్థన ఉంది. రక్తం తక్కువున్నవాళ్ళు, గర్భిణులు, పాలిచ్చే తల్లులు, షుగరు మందులు వాడేవాళ్ళు ఉపవాసం ఉండనక్కర్లేదని పాస్టరుగారు వేదిక మీంచే చెప్పాలని ఆవిడ పట్టుబట్టారు. ఆడవాళ్ళకు వేరుగా చెప్తే చాలదా అని పాస్టరమ్మగారు అడిగారు. "చాలదమ్మగారూ, ఇంట్లో మగవాళ్ళు కూడా వినాలి" అన్నారావిడ. పాస్టరమ్మగారు తల ఊపి, ప్రకటనల కాగితం తీసి, మొదటి వరసలోనే రాసుకున్నారు.