జత కుదరని పేర్లు

తెలుగు పాఠం చెప్పుకునే నాకు కంప్యూటరుతో పని పడుతుందని ఎన్నడూ అనుకోలేదు. రెండేళ్ల క్రితం కమిటీవారు పేద విద్యార్థులకిచ్చే ఫీజు సహాయం పని చూసే గుమాస్తా సెలవుపై వెళ్లినందువల్ల ఆ బాధ్యత కొన్నాళ్లు నాపై పడింది. నా ముందు రెండు పట్టికలున్నాయి. ఒకటి మన కార్యాలయంలో తయారైన దరఖాస్తుల పట్టిక; అందులో 213 పేర్లు. రెండవది బ్యాంకు నుండి వచ్చిన విద్యార్థుల ఖాతాల పట్టిక. ప్రతి పేరుకూ ఎదురుగా ఖాతా సంఖ్య వచ్చేటట్లు రెంటినీ కలిపి బ్యాంకుకు పంపాలి.

ఎస్‌క్యూఎల్ అనే ప్రశ్నల భాషలో నాలుగు ముక్కలు ఒక పుస్తకం చూసి నేర్చుకున్నాను. పేరుకు పేరు సరిపోయిన చోట రెండు వరుసలనూ కలపమన్నాను. రెప్పపాటులో జాబితా వచ్చింది. ఒక్క గడి కూడా ఖాళీ లేదు! ఆ నిండుదనమే నన్ను మోసగించింది. వరుసలు లెక్కపెట్టాలన్న ఆలోచనైనా రాకుండా దానిని నోటీసు బోర్డుపై అంటించాను.

మర్నాడు ద్వితీయ సంవత్సరపు అమ్మాయి ఒకతె వచ్చి గుమ్మం దగ్గరే నిలబడి, "సార్, నా పేరు లేదు సార్. దరఖాస్తు ఇచ్చాను కదా!" అన్నది. చేతిలో రసీదు కూడా ఉన్నది. అప్పుడు లెక్కపెట్టాను. 186. తక్కిన ఇరవై ఏడుగురు ఏమైనట్లు? పరీక్ష ఫీజు గడువు ఇంకా రెండు రోజులే.

యంత్రం అబద్ధమాడలేదు. రెండు పట్టికలలోనూ ఉన్నవారెవరని నేనడిగాను, వారినే చూపింది. తక్కినవారి సంగతి నేనడగలేదు, అది చెప్పలేదు. కంప్యూటర్ విభాగపు మిత్రుడు చూసి నవ్వి, "భాయ్‌సాబ్, మీరు వేసింది ఇన్నర్ జాయిన్. లెఫ్ట్ జాయిన్ వేయండి" అన్నాడు.

విద్యార్థి మిత్రులారా, ఇది మీకు తెలియని విషయం కాదు. తరగతిలో హాజరు పిలిచేటప్పుడు పలకనివారి పేరు మేము రిజిస్టరులోనుండి కొట్టివేయము. పేరు అలాగే ఉంటుంది, ఎదుట గైరుహాజరు గుర్తు పడుతుంది. ఉర్దూ నుండి వచ్చి తెలుగులో స్థిరపడిన ఈ రెండు మాటలలోనే లెఫ్ట్ జాయిన్ అంతా ఉన్నది. ఎడమవైపు పట్టికలోని ప్రతి వరుసా నిలుస్తుంది. కుడివైపు జత దొరకకపోతే ఆ గడిలో "నల్" అని పడుతుంది. నల్ అంటే సున్న కాదు, "విలువ లేదు" అని మాత్రమే. పట్టికలను ఇలా సంబంధాలుగా చూసే పద్ధతిని ఐ.బి.ఎం. సంస్థలో పనిచేసిన ఎడ్గార్ కాడ్ 1970లో ప్రతిపాదించాడు. జత లేని వరుసలను నిలుపుకునే ఈ "అవుటర్" కలయికను 1979 నాటి వ్యాసంలో వివరించాడు. 1992 నాటి ఎస్‌క్యూఎల్ ప్రమాణంలో దానికి స్థానం లభించింది.

ఈసారి 213 వరుసలూ వచ్చాయి. సంతోషించి, వాడుకలో ఉన్న ఖాతాలే కావాలని చివర ఒక షరతు చేర్చాను. మళ్లీ ఆ ఇరవై ఏడుగురూ మాయం! ఖాతాయే లేని వరుసలో "వాడుకలో ఉన్నదా?" అన్న ప్రశ్నకు "ఔను" అనే జవాబు ఎక్కడినుండి వస్తుంది? ఆ షరతును, పట్టికలు కలిసిన తరువాత జల్లెడ పట్టే చోట కాక, కలిపే చోటనే పెట్టాలని మిత్రుడు సవరించాడు. ఒకే మాట చోటు మారితే అర్థం మారడం వ్యాకరణం చదివిన నాకు కొత్త కాకపోయినా, అక్కడ మాత్రం తట్టలేదు.

ఇక నల్ ఉన్న వరుసలనే విడదీసి చూశాను. ఇరవై ఇద్దరివి కేవలం అక్షరాల తగవులు. ఉర్దూలో ఒకే తీరుగా రాసే "మహమ్మద్" ఇంగ్లీషు అక్షరాలలోకి వచ్చేసరికి ఒకచోట పూర్తిగా, మరొకచోట రెండక్షరాల పొడిగా మారుతుంది. "షేక్" మన రిజిస్టరులో పేరుకు ముందుంటే, బ్యాంకులో వెనుక ఉన్నది. రసీదు తెచ్చిన అమ్మాయి కథ ఇదే. పేరును ఆధారంగా పెట్టుకోవడమే నా మొదటి పొరపాటు; ప్రవేశ సంఖ్య ఉండవలసింది. కాని బ్యాంకువారి పట్టికలో అది లేదు. ఆ ఇరవై రెండూ రాత్రి కూర్చుని చేతితోనే సరిచేశాను. నలుగురు అసలు ఖాతాలే తెరవలేదు. మర్నాడు ఉదయమే వారిని బ్యాంకుకు తీసుకుపోయాను.

ఒక పేరు మిగిలింది. బి.కాం. మొదటి సంవత్సరపు కుర్రవాడు. ఆ సాయంత్రం వెతుక్కుంటూ ఇంటికి వెళితే వాళ్లమ్మగారు చాయ్ ఇచ్చి, తండ్రికి జబ్బు చేసినప్పటినుండి మోటారు మెకానిక్ షెడ్డుకు వెళుతున్నాడని చెప్పారు. మూడు నెలలుగా కళాశాలకు రావడం లేదట. హాజరు పట్టికలో ఆ గుర్తులు నేనే వేశాను, కాని వరుసగా ఎన్ని పడ్డాయో చూసుకోలేదు. ఇంతలో అతడే వచ్చాడు. చేతుల నిండా గ్రీజు. "సలాం సార్" అని పక్కకు ఒదిగి నిలుచున్నాడు. ఫీజు సంగతి చెప్పాను. "చూస్తాను సార్" అన్నాడు.

జాబితా పంపే ముందు ఆ ఒక్క వరుసను తీసివేస్తే చూడడానికి బాగుంటుందని ఆఫీసులో ఒకరన్నారు. దానిని తీయలేదు. ఎదుటి గడి ఖాళీగానే ఉంచి, 213 పేర్లూ పంపాను.